ఒనొరీన్ రెండో పావడా

వీర్, నవంబరు 11, 1883

మెలానీకి,

నువ్వు పంపిన ఫోటో అందింది. మీ అమ్మ దాన్ని ఇస్త్రీ బల్ల పైన గోడకి తగిలించింది. నేను దాన్ని గోడవైపు తిప్పాను. ఆవిడ మళ్ళీ ఇటు తిప్పింది. వారం రోజులుగా మా ఇద్దరికీ ఇదే పని.

ఏమిటే ఆ వేషం? నడుముకి దీపం గొడుగు కట్టుకున్నట్టుంది. మోకాళ్ళు కనపడుతున్నాయి, మోకాళ్ళ పైన కూడా కనపడుతోంది. పాలామె ఉతకడానికి దుప్పట్లు తెచ్చి ఇచ్చి, ఫోటో చూసి, "మీ మనవరాలు ఈతకి వెళ్ళిందా, కూలొంబెల్ గారూ?" అని అడిగింది. ఈ ఊళ్ళో నన్ను చూస్తే టోపీ తీసేవాళ్ళే గాని ఇలా మాట్లాడినవాళ్ళు లేరు.

పొంసో వీధి థియేటర్ దుస్తుల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసినవాణ్ణి. పావడా సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చేరిన కొత్తలో అక్కడ ఒక ముసలి కుట్టుపనామె ఉండేది. వాళ్ళమ్మ రాజుగారి బాలే నాట్యకత్తెలకు కుట్టిందట. తిమింగలం ఎముకల చట్రం, దాని మీద జరీ గుడ్డ, కింద ఎత్తు మడమల జోళ్ళు. ఆ బరువు కింద కాళ్ళున్నాయో లేవో దేవుడికే తెలియాలి, మణికట్లు మాత్రం ఆడేవని చెప్పేది. తర్వాత ఎవత్తో ధైర్యం చేసి మడమలు పీకించుకుంది, పాదం కనపడేలా అంచు కత్తిరించుకుంది. రాజు తల పోయాక చట్రం కూడా పోయింది. ఒంటికి అతుక్కునే పల్చటి గుడ్డ వచ్చింది. ఆ తర్వాత వచ్చింది మా కాలపు తెల్ల పావడా. పిక్క సగం దాకా, గంటలాగా. ఆరు పొరలు. లోపలి వాటికి గంజి, పై దానికి గంజి లేదు. అమ్మాయి ఎగిరి దిగుతుంది, పావడా దిగదు. ఒక్క ఊపిరి సేపు గాల్లో ఆగి అప్పుడు దిగుతుంది. జనం డబ్బులిచ్చి వచ్చింది ఆ ఒక్క ఊపిరి కోసం. వాళ్ళచేత దయ్యాల్నీ జలకన్యల్నీ నమ్మించింది ఆ గుడ్డ.

దాన్ని ఏటా రెండు వేళ్ళ చొప్పున కత్తిరించుకుంటూ వచ్చి, చివరికి మిలాన్ నాట్యశాల వాళ్ళు ఈ పళ్ళెం చేసి పెట్టారు. నీ పళ్ళెం ఎగరదు, దిగదు. బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది.

పొడుగు పావడా వేషం ఒకటి ఇమ్మని మీ థియేటర్ మేనేజరు బ్రెశార్‌ని అడుగు. నా మనవరాలినని చెప్పు, ఇస్తాడు.

మీ అమ్మ ఉన్ని మేజోళ్ళు అల్లుతోంది.

తాతయ్య,
ఎవరీస్త్ కూలొంబెల్

*

పారిస్, నవంబరు 25, 1883

తాతయ్యా,

ఈతకే వెళ్ళాననీ, నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయనీ పాలామెతో చెప్పు.

నువ్వు తిట్టిన పళ్ళేనికి ఇప్పుడు పేరు కూడా పెట్టారు. టూటూ. పైన చవక సీట్లలో కూర్చునే మగాళ్ళ పని. పసిపిల్లల పిర్ర మీద తట్టి అనే మాటట అది. మొదట మాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మేమే అంటున్నాం, "నా టూటూ ఎక్కడే, దాని మీద ఎవరే కూర్చుంది" అని.

కానీ తాతయ్యా, నువ్వు మా జోళ్ళు చూడలేదు. ముందు భాగం జిగురుపెట్టి గట్టి చేస్తారు. బొటనవేలి కొస మీద నిలబడి ఒక్క ఊపున ఎన్నో చుట్లు తిరుగుతాం. కాలు కనపడకపోతే ఆ కష్టమంతా ఎవరికోసం? మీ అమ్మాయిలు తేలారు. మేం తిరుగుతాం.

సరే, నువ్వు చెప్పావని బ్రెశార్‌ని అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! మార్చిలో "పొగమంచు పెళ్ళికూతురు" మళ్ళీ ఆడించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడట. పాత దుస్తులతో, పాత పద్ధతిలో, అమ్మమ్మల కాలంలో చూసినట్టే. ఆ వేషం నాకే. ఒనొరీన్ పెద్దమ్మ వేషం! "ఒనొరీన్ చెల్లెలి కూతురు" అని గోడల మీద వేయిస్తాడట.

ఇంకా విను. పెద్దమ్మ మొదటి అంకంలో కట్టుకున్న పావడా ఆమెతోనే పోయింది కదా. రెండో అంకానిది ఉంది. దుస్తుల గది పెద్దామె మదాం లసీల్ పెట్టె అడుగు నుంచి తీసింది. నీలం కాయితంలో చుట్టి ఉంది, చెక్కు చెదరలేదు. నడుం పట్టీ నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. లోపలివైపు నీ మూడు ఎర్ర కుట్లు ఉన్నాయి. వాటిని ముద్దు పెట్టుకున్నాను.

అమ్మకి చెప్పు. మేజోళ్ళు బూడిదరంగువి వద్దను.

నీ మెలానీ

*

వీర్, నవంబరు 30, 1883

మెలానీ,

ఆ పావడా కట్టుకోకు. ఈ ఉత్తరం అందిన రోజే బ్రెశార్‌తో చెప్పు. నేను ముందు రాసింది మర్చిపో. ఆ పొట్టిదే మంచిది. వేదిక ముందు దీపాలకు దూరంగా ఉంటుంది. మిలాన్ వాళ్ళు తెలివైనవాళ్ళు.

అది ఇంకా ఉందని నాకు తెలియదు. రెండూ పోయాయనుకున్నాను.

కారణం చెప్తాను. మేం గుడ్డని పటిక, వెలిగారం కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచేవాళ్ళం, మంట అంటుకోకుండా. ఆ మందు ఇరవై నాలుగేళ్ళు నిలవదు. గుడ్డ కూడా నిలవదు, చివికి ఉంటుంది. పైగా పోయినవాళ్ళ బట్ట. ఇంకేం కావాలి నీకు?

ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. మీ అమ్మ పెరట్లో దుప్పట్లు ఆరేసింది. ఒకటి గుండ్రంగా ఉబ్బి లేచి, ఆగి, అప్పుడు దిగింది. నేను లోపలికి వచ్చి గడియ పెట్టుకున్నాను. "నాన్నా, తలుపు తియ్యండి, చేతుల్లో బుట్ట ఉంది, ఏం పిల్లాటలు!" అని మీ అమ్మ బయటి నుంచి కేకలేసింది. నేను తియ్యలేదు. ఆవిడ వెనకవైపు నుంచి వచ్చింది.

నాకు వెంటనే జవాబు రాయి. కట్టుకోను అని రాయి.

తాతయ్య

*

పారిస్, డిసెంబరు 12, 1883

తాతయ్యా,

నువ్వేనా ఆ ఉత్తరం రాసింది? నెల క్రితం దీపం గొడుగు, ఇప్పుడు మిలాన్ వాళ్ళు తెలివైనవాళ్ళు! అమ్మ నీ సారాయిలో ఏదైనా కలుపుతోందా?

నీ ఉత్తరం మదాం లసీల్‌కి చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది. మందు పోయేది ఉతికితేనని, ఆ పావడా మీద ఇన్నేళ్ళలో నీటి చుక్క పడలేదని చెప్పింది. ఇప్పుడు కొత్తగా ముంచితే పాత గుడ్డ ముక్కలు ముక్కలవుతుందట. మన థియేటర్ నియమం నీకు తెలియనిదా? ముంచినవాడు నడుం పట్టీ మీద మూడు ఎర్ర కుట్లు వెయ్యాలి. లేదా ముంచవద్దని అమ్మాయి కాయితం మీద సంతకం పెట్టాలి. రెంటిలో ఏదీ లేకపోతే నిప్పు కాపలావాడు వేదిక మీదికి వదలడు. "కూలొంబెల్ గారి కుట్టు ఉంటే అది గుడ్డ కాదమ్మాయ్, గోడ" అంది లసీల్.

ముంచిన గుడ్డ పసుపు తిరిగి అట్టలా బిర్రబిగుస్తుందని, అందుకే ఆ రోజుల్లో అమ్మాయిలు ఏడ్చి సంతకాలు పెట్టేవాళ్ళని కూడా చెప్పింది. ఇది మాత్రం పాలలా తెల్లగా ఉంది, మెత్తగా ఉంది. నీ చేతిలో ఏం మాయ ఉందో మరి.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. నిన్న అది కట్టుకుని నాలుగు అడుగులు వేసి చూశాను. పాత కుట్టుపనామె ఒకావిడ సూదుల డబ్బా కింద పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. నేను తిరిగి, ఆగాను. నేను ఆగాక అది ఆగింది. అద్దంలో చూసుకుంటే నా వెనక ఇంకెవరో వచ్చి నిలబడ్డట్టనిపించింది. భయం వెయ్యలేదు. చిత్రంగా, ఎవరో నా నడుము పట్టీ తడిమి చూస్తున్నట్టనిపించింది.

నీకు దిగులుగా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఇది నా మొదటి పెద్ద వేషం. నీ పేరు నిలబెడతాను. నన్ను ఆడనివ్వు.

మెలానీ

*

వీర్, జనవరి 6, 1884

మెలానీ,

పండగ రోజుల్లో రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. కలం నాకు అలవాటైన పనిముట్టు కాదు.

ఆ మూడు కుట్లు అబద్ధం.

ఒనొరీన్ అడిగింది. ముంచితే పసుపు తిరుగుతుంది, తడి దుప్పటిలా వేలాడుతుంది, నా మొదటి పెద్ద వేషం నాన్నా, ఈ ఒక్క వారానికి వదిలెయ్యి అని బతిమాలింది. నువ్వు నన్ను అడుగుతున్నట్టే. నేను తండ్రిని, కాదనలేకపోయాను. రెండు పావడాలకీ ఉత్త గంజి పెట్టి ఎర్ర కుట్లు వేశాను. ఇంతే జరిగింది. ఆమె కోరింది, నేను చేశాను.

అప్పుడు తప్పు గ్యాస్ దీపాల మనిషి మీదికి వెళ్ళింది. బర్నబే కెంత్రిక్ అని, బ్రిటనీ ప్రాంతంవాడు. వేదిక ముందు వరస దీపాలు వాడి చేతిలో ఉండేవి. మంట ఎక్కువ పెంచాడని వాణ్ణి తీసేశారు. అది వేరే సంగతి.

నీకు తెలిసిన తాతయ్య కంబళితో మంట మీద పడి చేతులు కాల్చుకున్నవాడు. దానికి పతకం ఇచ్చారు. ఈ ఊళ్ళో టోపీలు తీసేది దానికే. అది అబద్ధం కాదు. నా చేతులు చూశావు.

ఇప్పుడు నీకు తెలిసింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు. మోకాలు పట్టిందని చెప్పి ఆ వేషం వదిలెయ్యి. ఇంకొకటి వస్తుంది. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పడెయ్యి.

తాతయ్య

*

పారిస్, జనవరి 17, 1884

కూలొంబెల్ గారికి,

మీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు.

మదాం లసీల్ దగ్గర పాత సంతకాల కాయితాలు కట్టగా ఉన్నాయి. ముంచమన్నవాళ్ళవీ వద్దన్నవాళ్ళవీ, అందరివీ. ఏ కారణం చెప్పకుండా అడిగి తీసుకున్నాను. ఆ ఏడాది ముంచవద్దని పదకొండు మంది సంతకం పెట్టారు. ఆ పదకొండు మందిలో మా పెద్దమ్మ పేరు లేదు. ఆమె కాయితం వేరే దొంతరలో దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నా రెండు పావడాలూ రెండేసి సార్లు ముంచండి. ముందు దీపాలంటే నాకు భయం. అందంగా లేకపోయినా ఫర్వాలేదు. ఒనొరీన్ కూలొంబెల్."

మీరు ఆవిడ బతిమాలిందని రాశారు.

ఇక జరిగినది వినండి. నేను మోకాలి నొప్పి అని చెప్పలేదు. చెప్తే ఆ వేషం జుస్తీన్‌కి వెళ్తుంది. ఆ పిల్లకి పదహారేళ్ళు, దాని నడుము కూడా నా నడుమే. అదే పావడా అది కట్టుకుంటుంది, నవ్వుకుంటూ కట్టుకుంటుంది. అందుకని బ్రెశార్ దగ్గరికి వెళ్ళి, ఆ గుడ్డ ముంచింది కాదని చెప్పాను. "ఎవరు చెప్పారు?" అన్నాడు. మా తాతయ్య అన్నాను. "మనవరాలి మీద బెంగతో ముసలాయన కథలు అల్లుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి కుట్టు నమ్మి ఈ థియేటర్ నడిచింది. నీకు భయమైతే సూటిగా చెప్పు, ఆయన మీద పెట్టకు" అన్నాడు. ఒక చిన్న ముక్క కత్తిరించి నిప్పుకి చూపించమన్నాను. చరిత్ర ఉన్న వస్తువుకి కత్తెర పెట్టనివ్వనన్నాడు. ఆయన చేతిరాతతో, సంతకంతో కాయితం ఉంటే అప్పుడు చూద్దామన్నాడు. మీ పోయిన ఉత్తరం చూపించను, అందులో పెద్దమ్మ మీద అబద్ధం ఉంది.

దీపాలు వెలిగించి చేసే రిహార్సల్ ఫిబ్రవరి 7, గురువారం. ఆ రోజు నేనో జుస్తీనో ఆ పావడా కట్టుకుని ముందు వరస దీపాల దగ్గర మోకరిల్లుతాం. పెద్దమ్మ మోకరిల్లింది అక్కడేనట.

మీరు ఏం జరిగిందో రాయండి. ఆమె ఏం అడిగిందో, మీరు ఏం చేశారో. బ్రెశార్ చదివేలా రాయండి. నాకు ఇంకే ఉత్తరమూ అక్కర్లేదు.

మెలానీ

*

వీర్, ఫిబ్రవరి 2, 1884

మెలానీకి, బ్రెశార్ గారికి, చదవగలిగిన ఎవరికైనా,

నేను, ఎవరీస్త్ కూలొంబెల్, డెబ్బై మూడేళ్ళవాణ్ణి, పొంసో వీధి థియేటర్‌లో పావడాలు ముంచి గంజి పెట్టే పని చేసినవాణ్ణి, రాస్తున్నాను.

నా పెద్ద కూతురు ఒనొరీన్ నన్ను ఏమీ బతిమాలలేదు. అది పిరికి పిల్ల. చిన్నప్పటి నుంచీ కొవ్వొత్తిని దూరం నుంచి ఊదేది. ముంచమని కాయితం మీద రాసి ఇచ్చింది. నోటితో కూడా చెప్పింది, "రెండుసార్లు నాన్నా, మర్చిపోకు" అని.

నేను మొదటిదాన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ గుడ్డ నేను ఎంచింది. పై పొరని నేనే మూడు రోజులు గాలికి వేలాడదీసి మెత్తన చేశాను. ముంచితే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మాయి దిగుతుంది, పావడా దానితోపాటే ధబ్బున దిగుతుంది. ఆ వారం పక్క థియేటర్ వాళ్ళ అమ్మాయి ముంచని పావడాలో ఆడి అందరిచేతా ఆహా అనిపించుకుంది. నా కూతురు తడి గోనెసంచిలా దిగుతుందని వాళ్ళు అనుకుంటారు. కూలొంబెల్ కూతురు. నాకు అది మింగుడు పడలేదు.

ముంచలేదు. ఆ పావడాకీ రెండో దానికీ గంజి పెట్టాను, ఎర్ర కుట్లు వేశాను. దానికి ఇచ్చాను. అది పట్టీ తిప్పి కుట్లు చూసుకుంది. వేలితో తడిమింది. "ముంచినా ఇంత తెల్లగా ఎలా వచ్చింది నాన్నా?" అంది. "మీ నాన్న పనితనం" అన్నాను. అది నా మెడ చుట్టూ చేతులు వేసింది.

దీపాల దగ్గర మోకరిల్లినప్పుడు అంచు తగిలింది. గుడ్డ కాలిన చప్పుడు పెద్దగా ఉండదు. పావురం లేచినట్టు ఉంటుంది. నేను పక్క తెర వెనకే ఉన్నాను. కంబళి తీసుకుని వెళ్ళాను. మిగిలింది అందరికీ తెలుసు.

అందరికీ తెలియనిది ఇది. అది నాలుగు రోజులు బతికింది. మూడో రోజు నన్ను దగ్గరికి రమ్మంది. "నువ్వు ముంచావు నాన్నా, నాకు తెలుసు. మందు చాల్లేదు అంతే. నీ తప్పు కాదు, బాధపడకు" అంది. నేను చెప్పాల్సింది. నోరు తెరిచాను. నీళ్ళు కావాలా అని అడిగాను.

అప్పటి నుంచి అది వస్తూనే ఉంది. రాత్రిళ్ళు కాదు, మిట్టమధ్యాహ్నం, బట్టలు ఆరేసి ఉన్నప్పుడు. కాలిన మొహంతో రాదు. బాగానే ఉంటుంది. దుప్పట్ల మధ్య నిలబడి నడుం పట్టీ తిప్పి కుట్లు చూసుకుంటుంది. నావైపు చూసి నవ్వుతుంది. నన్ను తిట్టడానికి వచ్చి ఉంటే ఈపాటికి ఎప్పుడో అలవాటు పడి ఉండేవాణ్ణి.

బర్నబే కెంత్రిక్ సంగతి. విచారణలో నన్ను అడిగారు. మంట జానెడు ఎత్తు ఉందని చెప్పాను. రెండు వేళ్ళ ఎత్తే ఉంది. నేను చూశాను. ఆ మనిషి దీపాలు ఎప్పుడూ సరిగ్గానే పెట్టేవాడు. నా మాట మీద వాణ్ణి తీసేశారు. ఆ తర్వాత ఏ థియేటరూ వాణ్ణి పెట్టుకోలేదని విన్నాను. వాళ్ళావిడ వదిలేసి బ్రెస్ట్ వెళ్ళిపోయిందని విన్నాను. విని ఊరుకున్నాను.

మెలానీ, ఈ కాయితం బ్రెశార్‌కి చూపించు. తర్వాత కెంత్రిక్ బతికి ఉంటే వెతికి వాడికి చదివి వినిపించు. వాడికి చదువు రాదు.

ఇవాళ పొద్దున మీ అమ్మకి చెప్పాను. ఇస్త్రీ చేస్తూ ఉంది, ఆపలేదు. దుప్పటి అయ్యాక ఇంకో దుప్పటి తీసుకుంది. భోజనం వేళకి నా పళ్ళెం పెట్టింది, తన పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. చలి కొరికేస్తోంది, అయినా లోపలికి రాలేదు.

పతకం పోస్టులో పంపుతున్నాను. థియేటర్ వాళ్ళు ఏం చేసుకుంటారో చేసుకోమను.

ఎవరీస్త్ కూలొంబెల్
ఇది నా సంతకం. నా చేత్తో రాశాను.

*

పారిస్, ఫిబ్రవరి 11, 1884

తాతయ్యా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. బుధవారం మధ్యాహ్నం బ్రెశార్ దగ్గరికి వెళ్ళాను. నిలబడి చదివాడు, తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు. లసీల్‌ని కత్తెర తీసుకురమ్మన్నాడు.

వెనక వాకిట్లో చేశాం. లోపలి పొర నుంచి వేలెడు వెడల్పు ముక్క కత్తిరించింది లసీల్. దాన్ని పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తికి చూపించాడు బ్రెశార్. చూపించాడు అని రాశాను గాని, దగ్గరికి తెస్తూండగానే అయిపోయింది. పట్టకారులో ఏమీ లేదు. జుస్తీన్ కూడా అక్కడే ఉంది, "అయ్యో, పడేశారా?" అని కింద వెతికింది పాపం. లసీల్ మెట్ల మీద కూలబడి, "ఆ కుట్టు చూసి ఎంతమందిని వేదిక మీదికి పంపానో" అని తల పట్టుకుంది. మిగతా పావడాని బ్రెశార్ నీళ్ళ తొట్టిలో తొక్కించాడు. గురువారం రిహార్సల్ జరగలేదు.

కొత్త పావడా కుడుతున్నారు. లసీల్ స్వయంగా ముంచుతోంది, రెండుసార్లు. మొదటిసారి ముంచింది ఆరాక కట్టుకుని చూశాను. వెన్న రంగులో ఉంది, బరువుగా ఉంది, నేను దిగేసరికి అదీ ధబ్బున దిగింది. పైసీట్ల వాళ్ళు ఈలలు వేస్తారు, వేసుకోనీ. మార్చి 15న ఆడతాను. ముందు దీపాలంటే ఇప్పుడు నాకు కూడా భయమే. భయంగానే ఆడతాను.

నిన్ను క్షమించానా అని అడగకు. నాకు తెలియదు. అమ్మ ఏమంటుందో అది అమ్మ ఇష్టం.

కెంత్రిక్ తాత బతికే ఉన్నాడు. కాలువ అవతల ముసలివాళ్ళ ఆశ్రమంలో. నిన్న ఆదివారం వెళ్ళాను. చిన్న మనిషి, శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. వాకిట్లో ఎండకి బల్ల మీద కూర్చున్నాడు, చుట్టూ ఇంకో ఇరవైమంది. నేను ఎవరినో చెప్పాను. "ఆఁ?" అన్నాడు. చెవులు బొత్తిగా వినపడవు. చెవి దగ్గర చెప్పినా వినపడదు. అరిచి చదవాల్సి వచ్చింది తాతయ్యా. మొదటి నుంచి, ఒక్కొక్క మాటా. కాస్త దూరంలో చీట్లాడుతున్నవాళ్ళు ఆట ఆపేశారు. వంటింట్లోంచి కన్యాస్త్రీలు బయటికి వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ మాటలు అరవడం నావల్ల కాలేదు, మధ్యలో ఆగిపోయాను. ఆయన ఊరికే నా మొహం చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాను.

తన సంగతి వచ్చేసరికి చెయ్యెత్తాడు.

"ఎంత ఎత్తు అని రాశాడు?"

"రెండు వేళ్ళు!"

"కాదు." రెండు వేళ్ళు ఎత్తి, రెండో దాన్ని సగానికి మడిచి చూపించాడు. "ఒకటిన్నర. ఆ అంకానికి ఒకటిన్నరే. నేను పెట్టాను, నాకు తెలీదా? దిద్దు."

పెన్సిల్ ఎవరి దగ్గరా లేదు. ఒక కన్యాస్త్రీ లోపలికి పరిగెత్తి తెచ్చింది. నీ ఉత్తరం ఆయన మోకాలి మీద పెట్టి, రెండు కొట్టేసి, ఒకటిన్నర అని రాశాను. అక్షరాలు రాకపోయినా నా పెన్సిల్ కదిలినంతసేపూ వంగి చూశాడు. తర్వాత వెనక్కి జారగిలబడి, టోపీ సర్దుకుని, "ఇప్పుడు మొదట్నుంచీ చదువు" అన్నాడు.

మెలానీ